పరవాడలో ఉద్యోగం, విశాఖలో ఇల్లు: కుటుంబంతో వచ్చేవారు ఏ వైపు ఉండాలి?

పటాన్‌చెరు వైపు మందుల కంపెనీలో పనిచేస్తున్న మీకు పరవాడ ఫార్మా సిటీలో ఉద్యోగం వచ్చిందని, డిసెంబరులో చేరవలసి ఉందని రాశారు. సీబీఎస్‌ఈలో ఎనిమిదో తరగతి చదువుతున్న అమ్మాయి, రెండో తరగతి చదువుతున్న అబ్బాయి, ఉపాధ్యాయినిగా పనిచేస్తున్న మీ శ్రీమతి, చాలా ఏళ్ళుగా ఉబ్బసంతో ఉన్న మీ అమ్మగారు మీతో వస్తారన్నారు. కాబోయే సహోద్యోగులు కూర్మన్నపాలెంలో ఇల్లు తీసుకోమంటున్నారని, ఐటీలో ఉన్న మీ బంధువులు మధురవాడే మంచిదంటున్నారని, మియాపూర్ ఫ్లాటు అమ్మేసి వెంటనే ఇక్కడ ఒకటి కొనవచ్చా అని కూడా అడిగారు. విశాఖలోని ఒక పరిశ్రమలో సిబ్బంది విభాగంలో పనిచేసిన కాలమంతా బదిలీ మీద, కొత్త ఉద్యోగం మీద వచ్చిన కుటుంబాలకు ఇల్లు కుదర్చడం నా బాధ్యతల్లో ఒకటిగా ఉండేది కాబట్టి, ఆ అనుభవంతో వివరంగా రాస్తున్నాను.

ఇల్లు వెతికేటప్పుడు ఉద్యోగం చేసే మనిషి రాకపోకల దూరాన్ని మొదట కొలవడం మనకు అలవాటు. ఆ లెక్క సగం మాత్రమే సరైనది. ఉద్యోగికి కంపెనీ బస్సు ఉంటుంది, క్యాంటీన్ ఉంటుంది, ఉదయం నుంచి సాయంత్రం దాకా అతని అవసరాలు అక్కడే తీరుతాయి. ఇంట్లో మిగిలే నలుగురికి బడి, ఆసుపత్రి, కూరగాయలు, పీల్చే గాలి, మాట్లాడే మనిషి అన్నీ ఆ వీధి నుంచే రావాలి. అందువల్ల మీ కుటుంబంలో ప్రయాణం చేయలేని మనిషి ఎవరో ఆమె దగ్గర మొదలుపెట్టి, తరువాత బడి, ఆ తరువాతే మీ కంపెనీ బస్సు ఆగే చోటు చూడాలని నా అభిప్రాయం. మీ ఇంట్లో ప్రయాణం చేయలేని మనిషి మీ అమ్మగారు.

విశాఖ భూస్వరూపం తెలిస్తే ఈ మాట ఎందుకంటున్నానో అర్థమవుతుంది. హైదరాబాద్‌లా నలువైపులా పరచుకున్న ఊరు కాదిది. కొండలకూ సముద్రానికీ మధ్య ఈశాన్యం నుంచి నైరుతి దాకా పొడవుగా సాగిన ఊరు. ఆనందపురం నుంచి మధురవాడ, హనుమంతవాక, మద్దిలపాలెం, ఎన్‌ఏడీ కూడలి, విమానాశ్రయం, షీలానగర్, గాజువాక, కూర్మన్నపాలెం, లంకెలపాలెం మీదుగా అనకాపల్లి వరకు జాతీయ రహదారే ఊరికి వెన్నెముక. మీరు పనిచేయబోయే పరవాడ దీని దక్షిణపు చివరన ఉంది. ఉత్తరాన సింహాచలం, కైలాసగిరి కొండల వరుస, దక్షిణాన యారాడ కొండ, ఆ రెంటి మధ్య పల్లంలో ఓడరేవు, చమురు శుద్ధి కర్మాగారం, ఎరువుల కర్మాగారం, వాటిని దాటితే గాజువాక, ఉక్కు కర్మాగారం ఉన్నాయి. రెండు కొండల నడుమ ఉన్న పల్లం కనుక పొగ, దుమ్ము ఒకసారి చేరితే తొందరగా కదలవు. చలికాలంలో గాలి నెమ్మదించి, ఉదయం పూట పొగమంచు కిందికి దిగినప్పుడు ఈ ఇబ్బంది మరింత పెరుగుతుంది. ఓడరేవులో బొగ్గు, ఇనుప ఖనిజం ఎక్కించి దించే చోట్లకు దగ్గరగా ఉన్న పాతనగరం, జ్ఞానాపురం వంటి ప్రాంతాల్లో మేడ మీద ఆరవేసిన బట్టల మీద నల్లటి పొడి పడుతుందని అక్కడివారు ఎన్నో ఏళ్ళుగా మొరపెట్టుకుంటున్నారు. గాజువాక, మల్కాపురం, శ్రీహరిపురం వైపు కర్మాగారాల పొగతో పాటు రాత్రింబగళ్ళు తిరిగే లారీల దుమ్ము కూడా తోడవుతుంది.

మీ అమ్మగారికి ఉబ్బసం లేకపోతే నేను కూడా కూర్మన్నపాలెమే చెప్పేవాడిని. అక్కడి నుంచి ఫార్మా సిటీ సుమారు 15 కిలోమీటర్లు. దువ్వాడ రైల్వే స్టేషను పక్కనే ఉంది, హైదరాబాద్ వైపు వెళ్ళే చాలా రైళ్ళు అక్కడ ఆగుతాయి. ఉక్కునగరంలోనూ చుట్టుపక్కలా మంచి బడులున్నాయి, అద్దెలు నగరం నడిబొడ్డు కంటే తక్కువ, ఇరుగుపొరుగు చాలావరకు ఉద్యోగస్తుల కుటుంబాలే. ఆరోగ్యంగా ఉన్న చిన్న కుటుంబానికి అది నిజంగా మంచి చోటు, మీ సహోద్యోగులు మీ మేలు కోరే చెప్పారు. అయితే ఆయాసం వచ్చే పెద్దావిడను ఉక్కు కర్మాగారానికీ గాజువాక లారీల రహదారికీ మధ్య కూర్చోబెట్టి, రాత్రి రెండు గంటలకు ఊపిరి అందకపోతే నగరం మధ్యలోని రామ్‌నగర్ ఆసుపత్రుల దాకా పరుగెత్తవలసి వచ్చే ఏర్పాటుకు నా మనసు ఒప్పుకోదు. షీలానగర్‌లో పెద్ద ఆసుపత్రి వచ్చాక ఆ వైపువారికి కొంత ఊరట కలిగిన మాట నిజమే. అయినా జబ్బు తిరగబెట్టిన తరువాత ఆసుపత్రి దగ్గరగా ఉండడం వేరు, అసలు తిరగబెట్టకుండా గాలి బాగుండడం వేరు.

కర్మాగారాల విషయం వచ్చింది కనుక మరొక మాట కూడా చెప్పాలి. 2020 మే 7న తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ కర్మాగారం నుంచి స్టైరీన్ అనే రసాయనపు ఆవిరి లీకై, నిద్రలో ఉన్న జనం మీద పడింది. ఆ కర్మాగారం 1961లో హిందుస్థాన్ పాలిమర్స్ పేరుతో మొదలైనప్పుడు ఊరికి దూరంగానే ఉండేది. ఊరే పెరిగి దాని గోడ దాకా వచ్చింది. 1997 సెప్టెంబరులో మల్కాపురం దగ్గర చమురు శుద్ధి కర్మాగారంలో జరిగిన అగ్నిప్రమాదం కూడా ఈ ఊరు మరచిపోలేదు. రసాయనాల పరిశ్రమలో పనిచేసే మీకు నేను విడమరచి చెప్పనక్కరలేదు. ఏ ఇల్లు చూసినా దానికి రెండు మూడు కిలోమీటర్ల లోపల ఏ నిల్వ ట్యాంకులు ఉన్నాయో, గాలి ఏ కాలంలో ఎటు నుంచి వీస్తుందో మీరే చూసుకోగలరు. అద్దె ఇంటికి కూడా ఆ పరిశీలన అవసరమే.

మధురవాడ సంగతి. రుషికొండ కొండల మీద పనిచేసే ఐటీ ఉద్యోగులకు అది సహజమైన చోటు, మీ బంధువులు తమ జీవితాన్ని బట్టి చెప్పారు. గాలి బాగుంటుంది, కొత్త అపార్టుమెంట్లు విశాలంగా ఉంటాయి. అయితే మీరు రోజూ నగరమంతా నిలువునా దాటి ఆ చివరి నుంచి ఈ చివరకు వెళ్ళాలి. ఆనందపురం నుంచి పెందుర్తి, సబ్బవరం మీదుగా అనకాపల్లి చేరే ఆరు వరుసల రహదారి ఉంది కదా అని కొందరు అంటారు. అది నగరంలోకి రాకుండా సాగిపోయే లారీలకు, సొంత కారులో ఎప్పుడైనా వెళ్ళేవారికి ఉపయోగమే కానీ, కంపెనీ బస్సు సాధారణంగా జనం ఎక్కువగా ఎక్కే పాత దారినే వస్తుంది. పైగా మధురవాడ, కొమ్మాది వైపు వేగంగా పెరిగిన కాలనీల్లో కొన్ని ఇప్పటికీ వేసవిలో బోరు మీద, ట్యాంకరు మీద ఆధారపడతాయి. మీకు ఆ చోటు సరిపడదని ఖచ్చితంగా చెప్పగలను.

నా సూచన ఎంవీపీ కాలనీ లేదా సీతమ్మధార. మువ్వలవానిపాలెం అనే పల్లె చుట్టూ పట్టణాభివృద్ధి సంస్థ సెక్టార్లుగా వేసిన కాలనీ కనుక ఎంవీపీలో వీధులు తిన్నగా ఉంటాయి, చెట్లున్నాయి, పెద్దవారు ఉదయం నడవడానికి పార్కులున్నాయి, రైతుబజారుకు నడిచి వెళ్ళి రావచ్చు. కైలాసగిరికీ సముద్రానికీ దగ్గరగా, ఓడరేవు పల్లానికి ఎడంగా ఉండడం వల్ల సముద్రపు గాలి నేరుగా తగులుతుంది. ప్రభుత్వ ఛాతీ ఆసుపత్రి పక్కనే వాల్తేరులో ఉంది, హనుమంతవాక దగ్గర విమ్స్ అనే ప్రభుత్వ ఆసుపత్రి, ఆరిలోవ వైపు హెల్త్ సిటీలోని ప్రైవేటు ఆసుపత్రులు, రామ్‌నగర్ ఆసుపత్రులు, ప్రభుత్వ పెద్దాసుపత్రి కేజీహెచ్ అన్నీ కొద్ది కిలోమీటర్ల లోపలే. మీ శ్రీమతికి కూడా ఇదే అనుకూలం, ఎందుకంటే ఉపాధ్యాయుల అవసరం ఉండే పేరున్న బడులు ఈ చుట్టుపక్కలే ఎక్కువ, ఒకచోట కుదరకపోతే మరొకచోటికి ఇల్లు మారకుండానే వెళ్ళవచ్చు. సీతమ్మధారలో కూడా దాదాపు ఇవే సదుపాయాలున్నాయి, సముద్రానికి కొంచెం లోపలగా ఉంటుంది, అక్కడా రైతుబజారు ఉంది.

దీనికి మీరు చెల్లించే మూల్యం సుమారు 40 కిలోమీటర్ల ప్రయాణం. మద్దిలపాలెంలో బస్సెక్కితే రద్దీని బట్టి గంటంబావు, గంటన్నర పట్టవచ్చు, సాయంత్రం గాజువాక దగ్గర ఇంకాస్త ఆలస్యం కావచ్చు. ఇది చిన్న విషయం కాదని నాకు తెలుసు. అందుకే ఉద్యోగ ఒప్పందం మీద సంతకం పెట్టే ముందు మానవ వనరుల విభాగాన్ని కొన్ని విషయాలు స్పష్టంగా అడగండి. మీ హోదా వారికి బస్సు ఎక్కడెక్కడ ఆగుతుంది, మద్దిలపాలెం దాకా వస్తుందా లేక ఎన్‌ఏడీ దగ్గరే తిరుగుతుందా, జనరల్ షిఫ్టు కాక వేరే షిఫ్టు వేసినప్పుడు, తనిఖీల కాలంలో రాత్రి పొద్దుపోయినప్పుడు తిరిగి పంపే బాధ్యత ఎవరిది? ఏది ఏమైనా అలసిపోయిన శరీరంతో రాత్రి వేళ లంకెలపాలెం నుంచి షీలానగర్ దాకా ఆ లారీల మధ్య ద్విచక్ర వాహనం మీద రావద్దని మిమ్మల్ని వేడుకుంటున్నాను. ఆ దారిలో ఇంటికి చేరని ఉద్యోగుల కుటుంబాలతో మాట్లాడవలసిన బాధ్యత కూడా నా ఉద్యోగంలో ఉండేది. బస్సు దొరకని రాత్రి కంపెనీ అతిథి గృహంలోనో, కూర్మన్నపాలెంలో సహోద్యోగి ఇంట్లోనో పడుకుని ఉదయం రండి.

బస్సు ఎన్‌ఏడీ దాటి రాదని తేలినా, ఎంవీపీ అద్దె మీ బడ్జెట్‌కు మించినా మర్రిపాలెంలో వుడా (పట్టణాభివృద్ధి సంస్థ పాత పేరు) వేసిన లేఅవుట్ చూడండి. ఎన్‌ఏడీ కూడలికి దగ్గర, ప్రశాంతమైన కాలనీ, పై వంతెన వచ్చాక ఆ కూడలిలో రాకపోకలు సులువయ్యాయి, మీ ప్రయాణం కూడా చెప్పుకోదగినంత తగ్గుతుంది. గాలి విషయంలో ఎంవీపీతో సమానం కాకపోయినా గాజువాక కంటే మేలు. గోపాలపట్నం, వేపగుంట, పెందుర్తి వైపు అద్దెలు ఇంకా తక్కువే కానీ, పెద్ద ఆసుపత్రులు దూరం. గోపాలపట్నంలో కొండవాలు మీద కట్టిన ఇళ్ళ దగ్గర భారీ వానలకు మట్టి జారిన సందర్భాలున్నాయి కనుక కొండను తొలిచి కట్టిన ఇల్లైతే అద్దె ఎంత తక్కువైనా వద్దు.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైన సంగతికి వస్తాను, అది ఎప్పుడు రావాలన్నది. మీరు డిసెంబరులో ఒక్కరే రండి, కుటుంబాన్ని ఏప్రిల్‌లో తీసుకురండి. మీ అమ్మాయి చదువు ఇందుకు మొదటి కారణం. సీబీఎస్‌ఈ తొమ్మిదో తరగతిలోనే విద్యార్థుల పేర్లు నమోదు చేసుకుంటుంది, పదో తరగతిలో బడి మారాలంటే బోర్డు అనుమతి కావాలి. తొమ్మిది మొదట్లోనే ఇక్కడ చేర్పిస్తే రెండేళ్ళు ఒకే బడిలో స్థిరంగా సాగుతుంది. అంతకంటే పెద్ద కారణం స్థానికత. 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు మనకు ఇచ్చిన పద్ధతి ప్రకారం ఇంజనీరింగ్, వైద్యం వంటి కోర్సుల్లో 85 శాతం సీట్లు స్థానికులవి, ఆ స్థానికతను ప్రధానంగా అర్హత పరీక్షతో ముగిసే వరుస నాలుగు విద్యా సంవత్సరాల చదువును బట్టి నిర్ణయిస్తారు. అంటే తొమ్మిది, పది, ఇంటర్ రెండేళ్ళు. ఈ నాలుగేళ్ళూ విశాఖలో చదివితే మీ అమ్మాయి ఇక్కడ స్థానికురాలవుతుంది. తొమ్మిది హైదరాబాద్‌లో చదివి పదికి ఇక్కడికి వస్తే రెండు రాష్ట్రాల్లోనూ ఆ నాలుగేళ్ళ వరుస తెగిపోతుంది. బదిలీల మీద తిరిగే ఎంతోమంది తల్లిదండ్రులకు ఈ విషయం పిల్లలు ఇంటర్‌లోకి వచ్చాక తెలిసి కంగారు పడడం చూశాను. రాష్ట్రం విడిపోయిన తరువాత ఇరువైపులా నియమాలకు సవరణలు వస్తున్నాయి కనుక తాజా ప్రభుత్వ ఉత్తర్వును మీరే స్వయంగా చదవండి. అయితే ఏ సవరణ వచ్చినా తొమ్మిదో తరగతికి ముందు వచ్చినవారికి మనశ్శాంతి ఎక్కువ. మీకు ఆ అవకాశం సరిగ్గా సమయానికి వచ్చింది.

రెండో కారణం గాలి. డిసెంబరు, జనవరి నెలల్లో ఊరి గాలి ఏడాది మొత్తంలో చెడ్డగా ఉంటుంది. వానాకాలంలో ఇల్లు చూసినవారికి ప్రతి వీధీ కడిగినట్టే కనిపిస్తుంది. మీరు చలికాలంలో చూస్తారు కనుక నిజం తెలుస్తుంది. చూడడానికి వెళ్ళిన ప్రతి ఫ్లాటులో వెనుక బాల్కనీ గ్రిల్లు మీద, కిటికీ అంచు మీద వేలు రాసి చూడండి. మట్టి రంగు దుమ్ము అయితే అది రోడ్డుది, తుడుచుకోవచ్చు. నల్లగా, మెరుస్తూ అంటుకుంటే ఆ ఇల్లు మీ అమ్మగారికి పనికిరాదు. పై అంతస్తులో బట్టలు ఆరవేసుకునేవారిని అడిగితే ఏజెంటు చెప్పని సంగతి చెబుతారు. బడులకు సెలవులున్నప్పుడు, వీలైతే సంక్రాంతికి, అమ్మగారిని తీసుకొచ్చి మీరు అనుకున్న కాలనీలోనే నాలుగు రోజులు ఉంచి చూడండి. ఆవిడ ఊపిరే మనకు అసలైన పరీక్ష. హైదరాబాద్ పొడి గాలికి అలవాటుపడ్డ ఊపిరితిత్తులకు ఇక్కడి తేమ, ఉక్కపోత ఎలా ఉంటాయో ముందే తెలుసుకుని, ఆవిడకు చికిత్స చేసే వైద్యుడితో కూడా ఆ మాట చెప్పండి.

మూడో సంగతి, మనవారి ముహూర్తాలు మీకు కలిసొస్తాయి. పుష్యమాసంలో కొత్త ఇంట్లో చేరడానికి ఎక్కువమంది ఇష్టపడరు, కాబట్టి ఆ నెలలో టూలెట్ బోర్డులు అలాగే వేలాడుతుంటాయి, యజమానులు బేరానికి దిగివస్తారు. చైత్ర వైశాఖాల్లో బదిలీలు, బడుల చేరికలు ఒక్కసారే వచ్చి మంచి ఇళ్ళకు పోటీ పెరుగుతుంది. పుష్యంలో మాట్లాడుకుని అడ్వాన్స్ ఇచ్చి, మాఘంలో మంచిరోజు చూసి పాలు పొంగించి, కుటుంబం వచ్చేదాకా ఆ ఇంట్లో మీరొక్కరే ఉండవచ్చు. ఒప్పందం పదకొండు నెలలకే రాసుకున్నా, అమ్మాయి పదో తరగతి పరీక్షలు పూర్తయ్యేదాకా ఖాళీ చేయించబోమన్న మాట, ఏటా అద్దె ఎంత పెంచుతారన్న సంగతి కాగితం మీదికి తెప్పించండి. అమ్మకానికి ఉంచిన ఫ్లాటు అని తెలిస్తే ఎంత బాగున్నా వదిలేయండి.

ఇల్లు చూసేటప్పుడు సముద్రానికి సంబంధించిన కొన్ని సంగతులు హైదరాబాద్ వారికి తట్టవు. ఉప్పు గాలికి ఇనుము తొందరగా తుప్పు పడుతుంది. బీచ్ రోడ్డుకు బాగా దగ్గరగా ఉన్న పాత అపార్టుమెంట్లలో బాల్కనీ కింది భాగం, పార్కింగ్ పైకప్పు తల ఎత్తి చూడండి. పెచ్చులు ఊడి లోపలి ఇనుప కడ్డీలు కనిపిస్తున్నా, కొత్తగా సిమెంటు పూసి రంగు వేసి కప్పినట్టున్నా వద్దనుకోండి. ఏసీ, ఫ్రిజ్ కూడా అక్కడ తక్కువ కాలమే మన్నుతాయి. అందుకే ఎంవీపీలోనైనా సముద్రం కనిపించే మొదటి వరుస కాకుండా లోపలి సెక్టార్లు నాకు ఇష్టం. తీరానికి దగ్గర బోరు నీళ్ళు ఉప్పగా ఉండే చోట్లున్నాయి కనుక కుళాయి తిప్పి ఒక చుక్క నోట వేసుకోండి, నగరపాలక సంస్థ నీళ్ళు రోజుకు ఎంతసేపు వస్తాయో, ఏప్రిల్, మే నెలల్లో ట్యాంకరు ఖర్చు మెయింటెనెన్స్‌లో కలుస్తుందో విడిగా వేస్తారో వాచ్‌మన్‌ను అడగండి.

తుపాను మాట కూడా మరచిపోకూడదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ నేరుగా ఈ ఊరి మీదే తీరం దాటింది. సముద్రం వైపు పెద్ద పెద్ద అద్దాల కిటికీలున్న ఫ్లాట్లు ఆ రోజు ఎక్కువగా దెబ్బతిన్నాయి, కరెంటు రోజుల తరబడి రాలేదు, మోటారు తిరగక నీళ్ళూ లేవు. నెబ్యులైజరు వాడే మనిషి ఉన్న ఇంటికి కరెంటు ప్రాణావసరం. కనుక మొదటి లేదా రెండో అంతస్తు తీసుకోండి, లిఫ్టుకూ నీళ్ళ మోటారుకూ జనరేటర్ ఉందో లేదో మాటవరసకు అడిగి ఊరుకోకుండా ఒకసారి వేయించి చూడండి, ఇంట్లో ఒక ఇన్వర్టర్ పెట్టుకోండి.

ఇక కొనడం గురించి. ఇప్పుడు వద్దు. మియాపూర్ ఫ్లాటు అద్దెకిచ్చి రండి. ఉద్యోగం మీకు నచ్చాలి, మీరు కంపెనీకి నచ్చాలి, అమ్మగారికి ఊరు పడాలి, ఇవన్నీ తేలడానికి కనీసం ఏడాది పడుతుంది. ఆ లోపు భోగాపురం విమానాశ్రయం పేరు చెప్పి, డేటా సెంటర్ పేరు చెప్పి ఉత్తరం వైపు స్థలాలు చూపించడానికి ఎంతోమంది వస్తారు. మీ ఉద్యోగం దక్షిణాన ఉంది, వాటి తొందర మీకు అక్కరలేదు. ఏడాది గడిచాక కొనాలనుకుంటే ఆ లేఅవుట్‌కు వీఎంఆర్‌డీఏ (ఇప్పటి పట్టణాభివృద్ధి సంస్థ) అనుమతి, ప్రాజెక్టుకు రెరా (స్థిరాస్తి నియంత్రణ సంస్థ) నమోదు ఉన్నాయో చూడండి. ముఖ్యంగా అడవివరం, వేపగుంట, చీమలాపల్లి, పురుషోత్తపురం, వెంకటాపురం గ్రామాల పరిధిలో సింహాచలం దేవస్థానం భూముల వివాదం చాలా కాలంగా నడుస్తోంది. అక్కడ ఇళ్ళు కట్టుకుని తరతరాలుగా ఉంటున్నవారే రిజిస్ట్రేషన్ జరగక అవస్థ పడుతున్నారు. ఆ పరిసరాల్లో ఏ ఇల్లు చూపించినా, బేరం మాట్లాడక ముందే సర్వే నంబరు తీసుకుని, రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల 22-ఎ నిషేధిత జాబితాలో ఉందేమో సబ్‌రిజిస్ట్రార్ కార్యాలయంలో చూపించుకోండి. ఈసీ (ఆస్తి మీద లావాదేవీలు, తాకట్లు చూపే పత్రం) శుభ్రంగా ఉందన్న ఒక్క మాట మీద మాత్రం బయానా ఇవ్వకండి.